గట్టు మీదుగా గ్యాసు

"అది విషం! పడుకున్నవాడు పడుకున్నట్టే పోతాడు!"

బాలశౌరి గొంతుకి టెంటు అదిరింది. నాలుగు రోజులుగా ఇంటింటికీ తిరిగి నూరిపోశాడు మరి. ప్రజాభిప్రాయ సేకరణకి ఊరు ఊరంతా పళ్లు కొరుక్కుంటూ దిగింది.

ఫ్యాక్టరీల పొగలోంచి కార్బన్ డయాక్సైడ్ పట్టి, పైపులో సముద్రం దాకా పంపి, అడుగున రాతిపొరల్లో దాచేస్తారట. పైపు దారి ఈ ఊరి కాలవ గట్టు మీదుగా. గట్టు మీదే బాలశౌరి కొట్టు. ఇరవై ఏళ్ల బతుకు. దాన్ని లేపేస్తారని తెలిసిన రోజు నుంచి అతనికి ముద్ద దిగలేదు. శౌరి కొట్టు పోతుందంటే ఊరు కదలదు, ఎవడి గోల వాడిది. ప్రాణాలు పోతాయంటే కదులుతుంది. కదిలింది.

బల్ల వెనక, పటమట నుంచి వచ్చిన ఇంజినీరు అర్ఫా చెమట తుడుచుకుంది.

"అంత భయం అక్కర్లేదండీ. పైపు పొడుగునా మీటర్లుంటాయి. లీకైతే వెంటనే ఆపేస్తాం."

"లీకవుద్దని నువ్వే అంటన్నావుగా!" ముందు వరసలోంచి సోడా సీసా ఊపుతూ సంపూర్ణమ్మ లేచింది. ఆవిడ నోటికి సర్పంచే జడుస్తాడు. "నీ మీటర్లు తీసుకెళ్లి మీ పటమటలో పెట్టుకో, పో!"

వెనక ఎవడో కుర్చీ ఎత్తాడు. బాలశౌరికి కడుపు నిండినట్టయింది. ఇంకొక్క తోపు చాలు.

"అది గొంతులోకి పోయిందంటే మనిషి మిగలడు మేడంగారూ! మీరు పీల్చి చూపించండి!"

అర్ఫాకి తిక్క రేగింది. సర్పంచి తెప్పించిన గోలీసోడా ఒకటి అందుకుని, గోలీని లోపలికి నొక్కింది. సీసా కుయ్యిమంది.

బాలశౌరి గబుక్కున లేచాడు. "మాటలు చాలు, పంపించెయ్యండి ఈవిణ్ణి!" అని అరిచాడు.

ఆమె గటగటా సగం తాగేసింది.

"ఇందులో బుస్సుమనేది ఏమిటనుకుంటున్నారు? ఆ గ్యాసే! రోజూ మీరు తాగేదే!"



సంపూర్ణమ్మ చేతిలో సీసాని ఎగాదిగా చూసింది. నోట్లోది తుపుక్కున ఉమ్మేసింది.

"ఓరి దేవుడో! పసిదానికి కడుపునొప్పంటే దీన్నే పట్టించానే!"

అప్పుడు టెంటులో తలలన్నీ ఇంజినీరుని వదిలేసి, ఇరవై ఏళ్లుగా ఆ ఊరికి సోడాలు కొట్టి అమ్ముతున్న బాలశౌరి వైపు తిరిగాయి.