నాలుగో డిమాండ్

చద్దరు, చాప, స్టీలు గ్లాసు, నీళ్ళ సీసా. సర్కారు దవాఖానలో ఏవేవి దొరకవో ఆగమ్మకు తెలుసు. అవే సంచిలో పెడుతోంది.

"నన్ను దవాఖానకు తోలుతున్నవా, ఇల్లు ఖాళీ చేస్తున్నవా?" అన్నాడు అంజన్న. ఆ కాస్త మాటకే మధ్యలో రెండుసార్లు ఊపిరి కోసం ఆగాడు. మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర పదేళ్ళు వాచ్‌మన్‌గా నిలబడ్డ మనిషి. మూడు రోజులుగా వెల్లకిలా పడుకోలేక గోడకు ఆనుకునే కూర్చుంటున్నాడు.

"మాట్లాడకు. ఆటో వచ్చింది, నడువు."

అంజన్న గడప దాటి, కావాలనే అన్నాడు. "పోతున్న."

ఆగమ్మ సంచి కింద పెట్టేసింది. "గట్లనొద్దని ఎన్నిసార్లు చెప్పాలె? పోయొస్త అను."

"నువ్వు గూడ వస్తున్నవు గదనే. ఎవలకు చెప్పాలె, ఇంటికా?"

"ఇంటికే చెప్పు."

అతను చెప్పేదాకా ఆమె ఆటో ఎక్కలేదు. ఆ మాట అనకుండా ఆ గడప దాటిన తమ్ముడు ఒకడు, చిన్న కొడుకు ఒకడు ఉన్నారామెకు. ఇద్దరికీ దండ వేసిన ఫోటోలే మిగిలాయి.

దవాఖాన గేటు పక్కన షామియానా వేసి ఉంది. తెల్ల కోట్లకు నల్ల రిబ్బన్లు పెట్టుకుని నలుగురైదుగురు కూర్చున్నారు. పొట్లాల కాగితాల మీద తనకు తానే చదువు నేర్చుకున్న ఆగమ్మ, బోర్డు మీద మొదటి రెండు మాటలు కూడబలుక్కుని కేక పెట్టింది.

"సమ్మెనా? మా ముసలాయనకు దమ్ము ఆడుతలేదు!"

టిఫిన్ డబ్బా పక్కన పెట్టి ఒక అమ్మాయి ఆటో దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. కోటు మీద నిషిత అని పేరుంది.

"పని ఆపలే అవ్వా. అన్నం తినే గంట మాత్రం ఇక్కడ కూసుంటున్నం. తాతా, గట్టిగ ఊపిరి తీసుకో."

ఆటోలోనే ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చూసింది. వార్డు బాయ్ కోసం అటూ ఇటూ చూసి, ఎవరూ లేకపోయేసరికి చక్రాల కుర్చీ తానే తోసుకుంటూ తీసుకెళ్ళింది.

అంజన్నకు ఆక్సిజన్ పెట్టాక ఒక పుస్తకం తెచ్చి ఆగమ్మ ముందు పెట్టింది. "మా డిమాండ్లు ఇవి, గవర్నమెంటుకు ఇయ్యాలె అవ్వా. పేషెంట్ల వెంట వచ్చినోళ్ళు గూడ సంతకం పెడుతున్నరు."

ఆగమ్మ వేలు పెట్టి చదివింది. "వార్డుకు ఇంకో నర్సమ్మ. మంచిదే. వెంట వచ్చినోళ్ళకు నీడ, నీళ్ళు. నా సంచి సూస్తే ఎవలకైనా ఎరుకైతది. డాక్టర్లకు కాపలా... మిమ్ముల గూడ కొడ్తరా?"

"పోయిన నెల నన్నే కొట్టిన్రు."

"అయ్యో!" అంటూ నాలుగోది చదివి ఆగమ్మ నవ్వేసింది. "ముప్పై ఆరు గంటలు వరుసగ డ్యూటీ వద్దు, నిద్రకు టైం కావాలె... నిద్ర కోసం ధర్నానా బిడ్డా? నాట్లప్పుడు మేము పండుకున్నమా?"

"నాటు తప్పైతే ఒక మొక్క పోతది అవ్వా."

"ఏమో. మూడిటికి పెడ్త, నాలుగోదానికి పెట్ట."

"సంతకం పెడితే నాలుగిటికీ పెట్టాలె, మూడిటికే పెట్టనీకె ఇది సామాన్ల చీటీ గాదు," అని నిషిత నవ్వుతూ పుస్తకం కోటు జేబులో పెట్టుకుంది.

పొద్దుగూకే వేళ నిషిత కోటు విప్పుతుంటే ఆగమ్మ ఆ కోటు పట్టుకుంది. "నువ్వు పోతే ఆయన గూడ పోతడు బిడ్డా. తెల్లారేదాక ఉండు. నీ కాళ్ళు మొక్కుత."

"నిన్న పొద్దున ఎక్కిన డ్యూటీ ఆమెది. ఇడువు అవ్వా," అంది నర్సు ధనలక్ష్మి. "ఇంకో సారు వస్తడు."

"ఆ ఒక్క సారు మూడు వార్డులు సూడాలె. ఇందాక నువ్వే చెప్పినవు గద నర్సమ్మా," అంది ఆగమ్మ.

నిషిత అంజన్న ఎగపోత చూసింది. ఆగమ్మ చేతిలోంచి కోటు తీసుకుని మళ్ళీ తొడుక్కుంది.

తెల్లారి ఎనిమిది దాటింది. అంజన్న నాలుగు రోజుల తర్వాత వెల్లకిలా పడుకుని గురక పెడుతున్నాడు. మంచం పక్కన నిలబడి కేస్ షీటు రాస్తున్న నిషిత తల వాలిపోయింది. పెన్ను కాగితం చివరిదాకా గీత గీసింది. ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. ఆగమ్మ ఆ గీత వైపే చూస్తూ ఉండిపోయింది.

"ఆ పుస్తకం తే బిడ్డా. నాలుగోదానికి గూడ పెడ్త."

"సాయంత్రం తెస్త అవ్వా. ఇప్పుడు నువ్వు రాసినా నాకు అక్షరాలు కనబడయి." కోటు ధనలక్ష్మికి ఇచ్చి, స్కూటీ తాళం తీసుకుంది. "కంది ఊర్ల నా రూము. జర పండుకొని వస్త. పోతున్న."

"పోయొస్త అను."

"పోయొస్త అవ్వా. తాతను ఇంటికి నేనే పంపుత."

వార్డు కిటికీలోంచి హైవే కనిపిస్తుంది. లారీల నడుమ స్కూటీ కనబడకుండా పోయేదాకా ఆగమ్మ అక్కడే నిలబడింది.

సాయంత్రం రౌండ్స్‌కు వేరే డాక్టరు వచ్చాడు. పుస్తకం ధనలక్ష్మి తెచ్చింది.

"మీ డాక్టరమ్మ ఇంక లేవలేదా?"

ధనలక్ష్మి పుస్తకం తెరిచింది. పెన్ను మూత తీసి చేతికిచ్చింది. "ఇక్కడ పెట్టు అవ్వా."

శనివారం అంజన్న తన కాళ్ళ మీద నడిచి ఇంటి గడప దాటాడు. "చెప్పినట్టే వచ్చిన, సూడు," అన్నాడు ఇంటితో. ఆగమ్మ సంచిలోంచి గ్లాసు, సీసా తీసి లోపల పెట్టింది.

ఆ గురువారం ఉదయం తొమ్మిదింటికి, హైవే మీద స్కూటీ నడుపుతూనే కునుకుపట్టి లారీ కింద పడిన డాక్టర్ నిషిత ఇక రాలేదు.