పనిలో పని

పిల్లి కొట్టేసిన కారులో అన్నీ బాగున్నాయి, ఒక్క ఏసీ తప్ప.

అడుగుల చప్పుడు వినపడకుండా నడుస్తాడని తోటి దొంగలు అతనికి పెట్టిన పేరు పిల్లి. నిన్న మధ్యాహ్నం ఆసుపత్రి ముందు ఆగి ఉన్న కారుని కూడా అంతే చప్పుడు లేకుండా తీసుకొచ్చేశాడు. నంబరు ప్లేటు మార్చాడు. అద్దం మీది స్టిక్కర్లు గీకేశాడు. సీటు కవర్లు పీకి అవతల పారేశాడు. ఇక దీన్ని ఎవరూ పోల్చుకోలేరని నిశ్చింతగా ఉన్నాడు.

తీరా కొనేవాడు వచ్చి, లోపల కూర్చుని ఏసీ నొక్కితే మొహం మీదికి వేడిగాలి కొట్టింది.

“మండే ఎండల్లో ఈ కుంపటిని నేనేం చేసుకోను? సాయంత్రానికి చల్లగాలి వచ్చిందా, బేరం. రాలేదా, నీ దారి నీది, నా దారి నాది” అని దిగిపోయాడు కొనేవాడు.

పిల్లి స్పేర్ పార్టుల కొట్టుకి పరిగెత్తాడు. కొట్టువాడు ఒకే మాట చెప్పాడు. “కారు ఏసీ అంటే ఊళ్ళో ఆవిడొక్కతే. మిగతావాళ్ళు గ్యాసు కొట్టి పంపేస్తారు. నాలుగు రోజులకి మళ్ళీ కథ మొదటికొస్తుంది.”

ఆవిడ షెడ్డు రైల్వే గేటు పక్కన ఉంది. యాభై దాటిన మనిషి. జుట్టు గట్టిగా ముడేసి, ఖాకీ చొక్కా తొడుక్కుని ఉంది. కారు లోపలికి రాగానే చేతిలోని స్పానర్ కింద పెట్టి, కాసేపు అలా చూస్తూ నిలబడింది. తర్వాత చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది.

“మీదేనా బాబూ?”

“నాదేనక్కా. కన్నబిడ్డలా చూసుకుంటాను.”

“అదీ, కనపడుతూనే ఉంది” అంటూ బానెట్ ఎత్తింది.

పిల్లి చేత ఏసీ వేయించి, చెవి ఒగ్గి విన్నది. కంప్రెసర్ అందుకునేటప్పుడు వచ్చే టక్కుమనే చప్పుడు రాలేదు. ఫ్యూజు చూసింది, బాగానే ఉంది. రిలే మార్చి చూసింది, అయినా ఉలుకూ పలుకూ లేదు. గేజీ తగిలిస్తే గ్యాసు అడుగంటిపోయిందని తేలింది. గొట్టాల మీద సబ్బునురగ రాసుకుంటూ పోయి, కంప్రెసర్ దగ్గర బుడగలు లేస్తుంటే ఆగింది.

“సీలు పోయింది. లోపల అరిగిపోయి ఇనుపరజను గొట్టాలంతా పాకింది. ఇన్నాళ్ళూ దీన్ని ఎవరూ పట్టించుకోలేదు పాపం.”

“తీరిక దొరకలేదక్కా.”

“తీరిక ఎవరికుంటుందిలెండి” అని నిట్టూర్చింది. “కంప్రెసర్ మార్చాలి. అసలుది తీసుకురండి. దొంగసరుకు ఎప్పటికైనా దొరికిపోతుంది.”

పిల్లి పొలమారినట్టు దగ్గాడు. వెళ్ళి అసలుదే తెచ్చాడు.

ఆవిడ గొట్టాలు కడిగింది. “డ్రయర్ బాటిల్ కూడా మారిస్తే మంచిది, పాతదాంట్లో తేమ చేరి ఉంటుంది” అంది. తెచ్చాడు. “ముందున్న కండెన్సర్ రెక్కలన్నీ వంగి పూడుకుపోయాయి, పనిలో పని” అంది. అదీ తెచ్చాడు. క్యాబిన్ ఫిల్టరు తెచ్చేసరికి జేబులో చెయ్యి పెడితే జేబు అడుగే తగిలింది. పోనీలే, బేరం కుదిరితే అంతకి పదింతలు వస్తుందని గుండె చిక్కబట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే షెడ్డు గేటు దగ్గర పోలీసు జీపు ఆగింది. పిల్లి తల చటుక్కున బానెట్ కిందికి దూరిపోయింది.

“అక్కా, కారు సంగతి...” అంటూ దిగాడు పోలీసు.

“దాని మీదే ఉన్నాను తమ్ముడూ. పని సగంలో ఉంది, ఇప్పుడు చెడగొట్టకు. సాయంత్రం రా, అప్పజెప్తాను.”

అతను కారు వంకా, బానెట్ కింద కనపడుతున్న వీపు వంకా చూసి, తలాడించి వెళ్ళిపోయాడు.

“ఎవరక్కా?” తల బయటికి పెట్టకుండానే అడిగాడు పిల్లి.

“స్టేషను మనిషి. నిన్నటి నుంచీ తిరుగుతున్నాడు పాపం. ముందు మీ పని కానివ్వమన్నాను.”

పిల్లి కళ్ళు చెమర్చాయి. “నా కోసం పోలీసునే ఆపావా అక్కా! నీ రుణం తీర్చుకోలేను.”

“తీరుస్తూనే ఉన్నారుగా” అని, కొత్త బెల్టు తెమ్మంది ఆవిడ. చేతి గడియారం కొట్టులో పెట్టి మరీ తెచ్చాడు.

పొద్దు వాలేసరికి గాలి లాగే పంపు ఆపి, గ్యాసు నింపింది. ఇంజను వేయగానే కంప్రెసర్ టక్కున అందుకుంది. పిల్లి ముందు సీట్లో కూర్చుని మొహానికి తగులుతున్న చల్లగాలికి కళ్ళు మూసుకున్నాడు. ప్రాణం లేచొచ్చింది.

కళ్ళు తెరిచేసరికి తలుపు పక్కన పోలీసు.

“అయిందా అక్కా?”

“దివ్యంగా అయింది. ఇక తీసుకుపో.”

పోలీసు తలుపు తెరిచాడు. పిల్లి స్టీరింగు వాటేసుకున్నాడు. “అక్కా! ఇది నా కారు. ఆయన రిపేరుకిచ్చిన జీపు వేరే ఉంటుంది, కాస్త చెప్పు!”

మెకానిక్ తాపీగా చేతులు తుడుచుకుంది.

“జీపుకేమొచ్చింది నాయనా, గేటు బయట నిక్షేపంలా ఉంది. తీసుకుపొమ్మన్నది నిన్ను. కారు నాది.”