గేటు దాకా నడిచే మనిషి

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు. పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని ఒక్క ముక్క కూడా చదవని నాన్న, సెలవు పెట్టి వచ్చిన బాబాయి, గది తలుపు దగ్గర కూర్చుని బతిమాలుతున్న అక్క, లోపల గడియ పెట్టుకున్న చిన్నది.

చిన్నది నర్సింగ్ చదువుతోంది. మొదటిసారి సూది గుచ్చబోయి, తనే కళ్ళు తిరిగి పడిపోయింది.

పక్కనున్న పిల్ల దాన్ని ఫోనులో వీడియో తీసింది. సాయంత్రానికల్లా ఊరంతా చూసేసింది. రోగిని లేపి నర్సమ్మకు మంచమివ్వండని ఒకడు రాస్తే, వెయ్యిమంది పళ్ళికిలించారు.

ఇవాళ్టికి తొమ్మిది రోజులు. రేపు కాలేజీ ఆసుపత్రి వార్డులో పరీక్ష. వెళ్ళకపోతే ఏడాది పోయినట్టే.

"కాలేజీ గేటు దాకా నడవలేనక్కా. అందరూ ఫోన్లెత్తుతారు."

ఎంత అడిగినా అదొక్కటే మాట.

ఎవరో వీధి తలుపు తట్టారు. బాబాయి తీశాడు.

మాస్కు కట్టుకున్న ఒకావిడ. చేతిలో పనిముట్ల సంచి.

చిన్నది గడియ తీసి, వేలెడు సందులోంచి చూసింది.

"ఛానెల్ వాళ్ళా?" అన్నాడు బాబాయి.

"కాదండీ. కుట్టుమిషన్లు బాగుచేస్తాను. రేపు మీ అమ్మాయితో కాలేజీ దాకా నడుద్దామని వచ్చాను."

ఇల్లెలా తెలిసిందని బాబాయి నిలదీశాడు. వీడియో అమ్మాయి ఇల్లంటే వీధిలో ఎవరైనా చూపిస్తున్నారని ఆవిడ మెల్లగా చెప్పింది.

నాన్న పేపరు దించాడు.

"మీరు నడిస్తే ఏమవుతుంది?" అక్క అడిగింది.

"ఫోన్లన్నీ నావైపు తిరుగుతాయమ్మా. ఆ సందట్లో తను లోపలికి వెళ్ళిపోతుంది. ఇప్పటిదాకా పదకొండు మందిని అలా దాటించాను."

"ఏం, మీరేమన్నా సినిమా స్టారా?" బాబాయి వెటకారం.

"అంతకంటే ఎక్కువమందే చూశారు లెండి."

ఆ గొంతులో గర్వం లేదు. బాధ కూడా లేదు.

నాన్న లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఫోను మాట్లాడడానికే అనుకునే మనిషి ఆయన. తమ పరువు ఇప్పటికే వీధిన పడిందనీ, ఇంకో వేడుక తమకొద్దనీ చెప్పి, వెళ్ళమన్నాడు.

"వెళ్తానండీ. ఒక్కసారి అమ్మాయికి నా ముఖం కనిపిస్తే చాలు."

మాస్కు దించింది.

నాన్న భుజం మీదుగా చిన్నదానికి ఆ ముఖం కనిపించింది. ఎడమ కనుబొమ్మను రెండుగా చీల్చిన మచ్చ.

చిన్నది గుర్తుపట్టింది.

నోరు బార్లా తెరిచి ఏడుస్తున్న ఈ ముఖం ఫొటోనే, ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా, వెక్కిరింతకి తనూ తన క్లాసూ ఏళ్ళ తరబడి ఫోన్లలో పంపుకున్నారు.

లోకమంతటి నవ్వునీ ముక్కూమొహం తెలియని పిల్ల కోసం మళ్ళీ నెత్తినేసుకుంటానని వచ్చిన ఆ మనిషి ముఖం మీద, చిన్నది గది దాటి వచ్చేలోపే, నాన్న తలుపు వేసేశాడు.