అపస్వర నిరోధక బిల్లు

సభలో పులిగారు మళ్ళీ నిద్రపోయారు. ఊరికే నిద్రపోయినా సరిపోయేది. గురక పెట్టారు. మైకు ఆన్‌లోనే ఉంది. ఆర్థికమంత్రి ప్రసంగం ఒకవైపు, ఈయన గురక ఒకవైపు. ఏది బాగా అర్థమైందంటే, చెప్పడం కష్టం.

పార్టీ పెద్ద గదిలోకి పిలిచి తలుపేశాడు.

"ఇంకొక్కసారి కునుకు తీశావంటే, వచ్చే ఎన్నికల్లో నీ టికెట్ నీ తోడల్లుడికిస్తా."

పులిగారికి ముచ్చెమటలు పోశాయి. టికెట్ పోతే ఎలాగో తట్టుకోవచ్చు. తోడల్లుడికి పోవడమా! అంతకంటే నూతిలో దూకడం నయం.

ఆయన నిద్ర చెడడానికి కారణం ఒక్కటే. ఇంకా తెల్లారకముందే ఒక హార్మోనియం లేస్తుంది. దాని వెనకే ఒక గొంతు లేస్తుంది. చెవుల్లో దూది కుక్కుకున్నా, నెత్తిమీద దిండు అదుముకున్నా లాభం లేదు. ఆ గొంతు దాని దారి అది చూసుకుంటుంది.

వెళ్ళి ఆపమని చెప్పొచ్చుగా అంటారా? అమ్మో! సభలో బల్లలు విరగ్గొట్టిన పులిగారికి అంత గుండె మాత్రం లేదు. అందుకే చట్టం చేద్దామనుకున్నారు.

చట్టమంటే రాజ్యాంగమ్మ దాటాలి. ఆవిడ సభలో ముసాయిదాలు రాసే విభాగానికి అధికారిణి. ఎవరి బిల్లైనా రాజ్యాంగానికి లోబడే ఉందని ఆవిడ సంతకం పెడితేనే సభకెక్కుతుంది. ఆ పేరు పెట్టింది కూడా సంతకం దొరకని మంత్రులే. వాళ్ళంతా చాటున రాజ్యాంగమ్మ అంటారు, ఎదురుగా మేడమ్ అంటారు. పులిగారూ అంతే.

"చిన్న బిల్లు మేడమ్" అన్నారు, కుర్చీ అంచున కూర్చుని.

"చెప్పండి సభ్యులవారూ."

"తెల్లారకముందే పాడే మనిషొకరున్నారు. ఆ మనిషి పాడితే నేరం. అంతే."

"అంతే కాదు. ఒక్క మనిషిని గురిపెట్టి చట్టం చేసే అధికారం సభకి లేదు. అది తీర్పవుతుంది. తీర్పులు చెప్పడానికి కోర్టులున్నాయి."

"పోనీ, ఆ ఒక్క వీధికి?"

"వీధికో చట్టం రాస్తే, రేపు మీ ఇంటికో రాజ్యాంగం రాయమంటారు."

అయినా పులిగారు వదల్లేదు.

"కనీసం ఇన్నాళ్ళూ పాడినదానికైనా శిక్ష..."

"నిన్న నేరం కానిదానికి ఇవాళ శిక్షా? కుదరదు."

"ఏది పాటో, ఏది గోలో ఎస్సై తేలుస్తాడని రాద్దాం."

"చట్టం చెప్పాల్సింది ఎస్సై చెవికి అప్పజెప్పే అధికారం మీకు లేదు. ఆయన చెవి ఎలాంటిదో ఎవరికి తెలుసు?"

"సరే, రేపు చేపల పెంపకం బిల్లు వస్తోందిగా. అందులో ఓ మూల ఇరికించేద్దాం. చేపలు బెదిరిపోతున్నాయని..."

రాజ్యాంగమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడ మేతకన్నాడట మీలాంటివాడే. ఇంతకీ అంత ఘోరంగా పాడతారా ఆ మనిషి?"

ఆ ఒక్క ఓదార్పు మాటకే పులిగారి కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఏం చెప్పమంటారు మేడమ్! గేదె ఈనుతున్నట్టుంటుంది."

"అయ్యయ్యో! అలాంటివాళ్ళకి మొహం మీదే చెప్పెయ్యాలండీ."

"చెబితే నాకు ముద్ద పుట్టదు మేడమ్."

"అంత పెద్ద మనిషా?"

"నాకైతే ఆ మనిషిని మించిన పెద్దవాళ్ళు లేరు."

ఆవిడ జాలిపడింది. ఎన్ని బిల్లులు చింపినా, ఆవిడా మనిషే కదా.

"పాము చావాలి, కర్ర విరక్కూడదు. అంతేగా? ఉండండి, నేనే రాస్తాను."

కాగితం లాక్కుని గబగబా రాసింది. ఎవరైనా సరే, ఎక్కడైనా సరే, తెల్లారకముందు పక్కవాళ్ళ నిద్ర చెడేలా పాడితే జరిమానా. మళ్ళీ పాడితే జైలు. పులిగారు చదువుకుని మురిసిపోయారు. ఆ క్షణాన ఆయన కళ్ళకి తోడల్లుడు చిన్నగా, చాలా చిన్నగా కనిపించాడు.

"ఆగండి, ఒక్క మినహాయింపుంది" అంటూ కింద ఇంకో వాక్యం చేర్చింది రాజ్యాంగమ్మ. "నిజంగా పాడటం వచ్చినవాళ్ళకి ఇది వర్తించదు."

"అదెందుకు మేడమ్!"

"కళాకారుల నోరు నొక్కే అధికారం రాజ్యాంగం మీకివ్వలేదు. ఇది లేకపోతే కోర్టు మొత్తం బిల్లునే కొట్టేస్తుంది."

"మరి వచ్చో రాదో ఎవరు తేలుస్తారు?"

"ఎవరికి వారే చెప్పుకోవాలి. మధ్యలో సభ దూరకూడదు."

"ఎవరికి వారేనా! ఇక రానిదెవరికి మేడమ్, ఈ దేశంలో?"

"సిగ్గున్నవాళ్ళు ఒప్పుకుంటారు లెండి. అందరూ మీ మనిషిలా ఉంటారా ఏమిటి?"

టపీమని సంతకం పెట్టేసింది. పులిగారు బిల్లు పట్టుకుని లేచారు. సంతకం దొరికినందుకు ఏడవాలో నవ్వాలో ఆయనకి తెలియలేదు. తలుపు దాకా వెళ్ళి గడియ మీద చెయ్యి వేశారో లేదో, వెనకనుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"ఏవండీ, సాయంత్రం వచ్చేటప్పుడు నాకో పెద్ద హార్మోనియం పట్టుకురండి, తెల్లారకముందే లేచి నేనెంత గొంతెత్తినా పాతదాని మోత మన పడగ్గది దాటడం లేదు."