బాగున్నామని ఎవరూ అనలేదు

ప్రభుత్వం కొత్తగా పెట్టిన మాట్లాడే యంత్రం ఐదేళ్ళకోసారి ఇంటింటికీ ఫోన్ చేసి ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతుంది. ఊళ్ళో ఎక్కువమంది బాగున్నామంటే అక్కడి ఆరోగ్య కేంద్రానికి నిధులు ఆగిపోతాయి. బాగున్నవాళ్ళకి నర్సెందుకని దాని వాదన.

నర్సు ఎస్తేరుకి వారంగా అన్నం సయించడం లేదు. పదేళ్ళు తిరిగి తిరిగి ఊళ్ళో మలేరియా లేకుండా చేసిందామె. ఇప్పుడు కేంద్రం మూతపడితే కాన్పుకైనా పాముకాటుకైనా ముప్పై కిలోమీటర్లు పోవాలి. అలాగని అబద్ధం చెప్పమని జనాన్ని అడగడానికి నోరు రాలేదు.

ఫోన్లు మొదలైన రోజు ఆమె గంగరత్నం అరుగు మీద కూర్చుంది. డెబ్బై ఎనిమిదేళ్ళ గంగరత్నం కత్తితో కొబ్బరి మట్టలు చీలుస్తోంది. ఫోన్ మోగితే స్పీకర్ నొక్కి పక్కన పెట్టింది.

"ఆరోగ్యం ఎలా ఉందండీ?"

"ఏం చెప్పమంటావు బాబూ, ఏదో ఇలా ఈడుస్తున్నాను. మోకాళ్ళు లేవట్లేదు, ముద్ద దిగట్లేదు," అంటూనే ఆమె ఇంకో మట్ట చీల్చింది.

ఎస్తేరు తెల్లబోయింది. "గుండ్రాయిలా ఉన్నావు కదమ్మా, అలా చెప్పావేంటి?"

"బాగున్నానని ఎవరైనా నోటితో అంటారేంటే పిల్లా? దిష్టి తగిలిపోదూ?"

వీధి వీధంతా అదే పాట పాడింది. సాయంత్రానికల్లా ఐదేళ్ళ నిధులు మంజూరయ్యాయని కబురొచ్చింది. ఆ వెంటనే, అరుగు మీదే ఉన్న ఎస్తేరు ఫోన్ కూడా మోగింది.

"మీరెలా ఉన్నారండీ?"

సంతోషం పట్టలేక "చాలా..." అనబోయిన ఎస్తేరు, గంగరత్నం కళ్ళెర్రజెయ్యడం చూసి ఆగింది.

"ఏదో, ఇలా ఉన్నానండి."

ఎందుకైనా మంచిదని గంగరత్నం ఉప్పూ ఎండుమిరపకాయలూ తేవడానికి లోపలికి వెళ్ళింది.