కొంగున కాలిన చిల్లు

"ఏమే, చీర లేదేందే!" అన్నాడు పెంటయ్య, పెట్టె అడుగుదాకా తడిమి.

పదకొండు గంటలకు పోటీ. గద్వాలలో ఏటా జరిగే ఊరి సంబురాల్లో కోలాటాలు, చిరుతల భజనలు ఎప్పుడూ ఉండేవే. ఈసారి కొత్తగా, అందరికంటే పాత గద్వాల చీర ఎవరింట్లో ఉంటే వాళ్లకు సన్మానం అన్నారు. ఆ మాట చెవిన పడగానే ముందు పేరు రాయించింది పెంటయ్యే. "మా అమ్మ పెండ్లి చీర, అరవై ఏండ్లది" అని వాడకట్టంతా చాటుకొచ్చాడు కూడా.

"పాత పంచెల సుట్టి, మూట గట్టి పెట్టిన గద," అంది పుష్పమ్మ వాకిట్లోంచి.

ఆ మాటతో పెంటయ్య పెట్టె మూత దబ్బున వేశాడు. మొన్న ఆమె చేనుకు పోయినప్పుడు, పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే బాబు మియా వచ్చాడు. ఆ పంచె మూటను మూటగానే ఇచ్చేసి, ఒక టిఫిన్ డబ్బా తీసుకున్నది తనే. మంచి బేరం చేశానని మురిసిపోయాడు కూడా, వెర్రివాడు.

వంటింట్లోకి పోయి, తళతళలాడే జంట స్టీలు బిందెల్లో ఒకదాన్ని వంచి చెంబెడు నీళ్లు తాగాడు. ఆ తర్వాత గుండె చిక్కబట్టుకుని భార్యకు ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

చెంచా పోతేనే వీధి చివరిదాకా వినబడేట్టు రచ్చ చేసే మనిషి పుష్పమ్మ. ఇప్పుడు మాత్రం తల ఇటు తిప్పకుండానే, "పోతే పోనియ్ తియ్. పోటీకి పోకుంటే ఏమైతది? జరసేపు పండుకో పో," అంది.

పెంటయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత మంచి మనసు! నాలుగు తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. ఏటా పెద్దలను తలుచుకునే పెత్రమాసకు ఆ చీరను మడత విప్పకుండానే కళ్లకద్దుకుంటాడు. పోయిన తల్లి ఒళ్లో తలపెట్టినంత నిమ్మళంగా ఉంటుంది ఆ రోజంతా.

"మా అమ్మ చీరనే అది. ఉట్టిగ ఇడిసిపెడ్తనా?" అని బండి తీశాడు.

అదృష్టం, బాబు మియా ఇంట్లోనే ఉన్నాడు.

"అరె, పరేషాన్ గాకు పెంటన్నా. మూట ఇప్పితే గద్వాల చీర కనవడ్డది. తెల్వక ఇచ్చినవనుకొని పక్కకు పెట్టిన. ఇగో."

"నా పానం నిలబెట్టినవ్ మియా! మా అమ్మ పెండ్లి చీర ఇది."

"మీ అమ్మదా?" బాబు మియా తల గోక్కున్నాడు. "అన్నా, జర ఆగు, ఒక్క మాట..."

ఆగే తీరిక పెంటయ్యకెక్కడిది? ఇంటికి ఉరికి, తలనొప్పి అంటున్న పుష్పమ్మను కూడా బండెక్కించుకుని మైదానంలో దిగాడు.

చీరలు చూసేది ముసలి నేతగాడు కృష్ణయ్య. అంచు రెండు వేళ్ల నడుమ పట్టుకుని వయసు చెప్పేస్తాడని ఆయనకు పేరు.

"ఎన్నేండ్లదంటివి?"

"అరవై, మామా. కొంగుకు చిల్లు గూడ ఉంటది చూడు. చిన్నప్పుడు దీపావళికి కాకరొత్తి తగిలించి నేనే కాల్చిన. మా అమ్మ సుట్టూరా ఎర్రదారంతోని కుట్టుకున్నది."

కృష్ణయ్య కొంగు విప్పాడు. చిల్లు లేదు. అటు తిప్పి, ఇటు తిప్పి బోసినోటితో నవ్వాడు.

"అరవై ఏండ్లదైతే నేను చెడ్డీలేసుకున్ననాడే నేసిన్నట్టు! పదేండ్ల కింద నా మగ్గం మీదికెల్లి దిగిన చీర ఇది పెంటయ్యా. నా చేతి అంచు నాకు తెల్వదా?"

మైదానమంతా గొల్లుమంది. పెంటయ్యకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అదే సమయానికి పక్క బల్ల మీద బాబు మియా భార్య బడేబీ తన చీర పరిచింది. అదే రంగు, అదే అంచు. కొంగున వేలు దూరేంత చిల్లు, చుట్టూ ఎర్రదారం.

"ఓ బాబు మియా! నమ్మి వస్తే నా చీర మారుస్తవా?" పెంటయ్య ఒక్క అరుపు అరిచాడు.

"తోబా తోబా! నువ్విచ్చింది నీకే ఇచ్చిన అన్నా. ఇది పదేండ్ల సంది మా ఇంట్లనే ఉంది."

"జరీల వెండి కోసం చీరలు కాల్చేటోళ్లకు అమ్ముతనన్నడు ఈయన. నాకే పానం ఒప్పలే," అంది బడేబీ. "ఎవ్వరో తల్లి ఇంత ముద్దుగ కుట్టుకున్నదని దాసిన. మీ అమ్మనా? మరి నీ దగ్గర్నే ఉండాలె. తీస్కపో."

చీర చేతుల్లో పెట్టింది. పెంటయ్య ఆ చిల్లు చుట్టూ వేలితో తడిమాడు. అమ్మ కుట్టే. నలుగురూ చూస్తున్నారని కూడా మరిచి కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది అసలు సంగతి.

"గని మియా, నీకు దీన్ని ఇచ్చిందెవరు?"

బాబు మియా చెప్పులు చూసుకున్నాడు. కృష్ణయ్య దగ్గాడు. "పాతది ఇగ దొరకదని, అచ్చం దాని తీర్గనే నేయమని, నేసిందాక మగ్గం కాడ్నే కూసున్నది మరి..." అని గొణిగి, పుష్పమ్మ వైపు చూశాడు. మైదానం మొత్తం అటే చూసింది.

పుష్పమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక దాచి లాభం లేదనుకుందో ఏమో, తీసేసి నడుం మీద చెయ్యి వేసింది.

"నన్నేం జూస్తవ్? నువ్వు చీరిచ్చి ఒక్క టిఫిన్ డబ్బ తెచ్చినవ్. నేనైతే రెండు బిందెలు తెచ్చిన!"