అయిదు వేళ్ల కూడు

"బస్సాపించు బాబూ. నాను దిగిపోతాను" అంది గున్నమ్మ, సీట్లోంచి లేచి నిలబడి.

టూర్ మేనేజరు శివాజీ పులిహోర పొట్లాలు పంచుతున్నాడు. "ఇక్కడేటుంది మామ్మా దిగడానికి? అంతా గడ్డే కదా!"

"అదిగో, పొయ్యి మీద డేగిసా ఉన్నాది."

రోడ్డుకి అల్లంత దూరంలో గుండ్రటి తెల్లగుడారం. బయట పొగ. పొగ ముందు తలకి గుడ్డ కట్టుకున్న ఒక ముసలామె.

శ్రీకాకుళం, విజయనగరం నుంచి కజకిస్తాన్ చూడటానికొచ్చిన ఇరవై మందికీ అది నాలుగో రోజు. మంచుకొండలు చూశారు, సరస్సు చూశారు, ఇప్పుడు ఎర్రరాతి లోయ చూడబోతున్నారు. తిండి మాత్రం వెంట తెచ్చుకున్న వంటాయన చేతిదే. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పులిహోర, రాత్రి సాంబారన్నం. పైగా మొదటిరోజే శివాజీ అందరికీ ప్లాస్టిక్ చెంచాలిచ్చి, "చేత్తో తినకండి, పరాయిదేశంలో మన పరువు పోతుంది" అని మరీ మరీ చెప్పాడు.

"ఉప్మా మా ఊల్లో నేదేటి? దానికోసం ఇమానం ఎక్కి రావాలా? ఈ దేశపోలు ఏటి తింతారో నాను తిని సూడాల."

"వాళ్లు గుర్రం మాంసం తింటారు మామ్మా!"

బస్సంతా ఛీ ఛీ అంది.

"గుర్రమైతే గుర్రమే. బుద్దెరిగిన కాడ్నుంచి సముద్రం ఏది ఇస్తే అది తిన్నాను. గుర్రానికి బయపడతానా?"

గరివిడి నుంచి వచ్చిన రిటైర్డు హెడ్మాస్టరు మోహనకృష్ణ కళ్లజోడు సర్దుకున్నాడు. "చేపలమ్ముకునేదానివి, నీకు పట్టింపు లేకపోవచ్చు. నలుగురితో వచ్చినప్పుడు నలుగురిలాగే ఉండాలి గున్నమ్మా."

"నలుగురి నాగే ఉండాలంటే కళింగపట్నంలోనే ఉండిపోదును మేస్టారూ!"

గున్నమ్మ ముందుకి నడిచి డ్రైవరు భుజం తట్టింది. గుడారం వైపు వేలు చూపించింది. డ్రైవరు ఆ దేశం కుర్రాడే.

"నో స్టాప్! గో, గో!" అని అరిచాడు శివాజీ.

బస్సు ఆగింది.

శివాజీ మొహం ఎర్రబడింది. "పది నిమిషాలు. హారన్ కొట్టిస్తాను. రాకపోతే వదిలేసి వెళ్లిపోతాం. తర్వాత నన్ననొద్దు."

"ఎల్లిపో. దారి అడుక్కుని వస్తాను."

"ఏ భాషలో అడుగుతావు?"

"నోరున్నోల బాసలో."

దిగనైతే దిగింది గానీ, గడ్డిలో నాలుగడుగులు వేసేసరికి గున్నమ్మ నడక నెమ్మదించింది. గాలి కొంగుని లాగేస్తోంది. వెనక బస్సు అద్దాల్లోంచి ఇరవై జతల కళ్లు. పాస్‌పోర్టు శివాజీ సంచిలో ఉండిపోయింది. నిజంగానే వదిలేస్తే? ఒక్క క్షణం ఆగింది. తర్వాత కొంగు నడుముకి బిగించి, మళ్లీ నడిచింది.

ముసలామె ఈమె చీర చూసింది, మొహం చూసింది. ఎవరని అడగలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి చేతుల మీద పోసింది. గున్నమ్మ వేళ్ల నిండా కత్తిపీట గాట్లు. ముసలామె వాటిని బొటనవేలితో తడిమి, తన అరచెయ్యి తిప్పి చూపించింది. పగ్గాలు ఒరుసుకుపోయిన చారలు. ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వేశారు.

లోపల గుమ్మానికి ఎదురుగా, మందపాటి ఉన్ని పరుపు మీద కూర్చోబెట్టింది. గిన్నెలో తెల్లటి పాలేవో పోసి ఇచ్చింది. ఘాటైన పులుపు, ముక్కుపుటాల దాకా ఎక్కింది. గున్నమ్మ గుక్కతిప్పుకోకుండా తాగేసింది.

తర్వాత పెద్ద పళ్లెం వచ్చింది. ఉడికించిన వెడల్పాటి పిండిరేకులు, వాటి మీద మాంసం, పైన ఉల్లిపాయలు. చెంచా లేదు. ముసలామె అయిదు వేళ్లూ విప్పి చూపించి, "బెష్‌బర్మాక్" అంది. మళ్లీ వేళ్లు ఆడించి, అదే మాట అని, ఆ చేత్తోనే పళ్లెంలోంచి ముద్ద తీసుకుంది.

ఆ కూడు పేరే 'అయిదు వేళ్లు' అని గున్నమ్మకి అర్థమైంది. నాలుగు రోజులుగా ఊరికే ఉన్న తన కుడిచెయ్యి చూసుకుంది. "ఓలమ్మ, ఇక్కడా సేత్తోనే తింతార్రా నాయినా!" అని గట్టిగా నవ్వి ముద్ద కలిపింది. గొర్రో గుర్రమో అడగలేదు. కారం ఊసే లేదు. అయినా తిన్నకొద్దీ తినాలనిపించింది.

పది నిమిషాలు దాటాయి. ఇరవై దాటాయి. హారన్ వినిపించలేదు.

'ఎల్లిపోనారు కావాల' అనుకుంది గున్నమ్మ. కానీ ఎదురుగా ముసలామె ఇంకో ముక్క వడ్డిస్తోంది. 'పోతే పోనీ' అని చెయ్యి చాపింది.

అప్పుడు గుమ్మం దగ్గర తెర లేచింది. శివాజీ! చొక్కా చెమటతో తడిసిపోయింది. వెనకే మోహనకృష్ణ మేస్టారు, ఆయన వెనక మిగతా వాళ్లు.

"మామ్మా, డ్రైవరు కనపడటం లేదు! తాళాలు కూడా పట్టుకుపోయాడు! ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు!" అన్నాడు ఏడుపు గొంతుతో.

అతని మాట పూర్తవకుండానే వెనకనుంచి ఎవరో అందర్నీ తోసుకుంటూ లోపలికొచ్చారు. డ్రైవరే. రెండు చేతుల నిండా చీల్చిన కట్టెలు. గుమ్మం పక్కన వాటిని పడేసి, చేతులు దులుపుకుని, ముసలామె మోకాలికి మోకాలు ఆనించి కూర్చున్నాడు. ఆమె ఏదో గొణుగుతూ, కసురుతూ, ఒక పెద్ద ముద్ద అతని నోట్లో పెట్టింది. జుట్టు సవరించింది. గున్నమ్మ వైపు తిరిగి తన పొట్ట నిమురుకుని, అతన్ని చూపించి మురిసిపోయింది.

"హలో! టైమైపోయింది! గో, గో!" అన్నాడు శివాజీ.

నోరు నిండి ఉన్న డ్రైవరు తల కూడా ఎత్తలేదు.

"కన్నతల్లి కూడెడతన్నాది, తింతన్నాడు" అంది గున్నమ్మ. "లెగిసి రమ్మని సెప్పే దమ్ము నీకుంటే సెప్పు బాబూ!"